మిల్లులో ఒక సాలు కోసి చూద్దామని

మా ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఏ రైతు మిరపకోతకి పిలిచినా సరే, చేను చూడకుండా రేటు మాట్లాడేవాళ్ళం కాదు. రైతు ఇంటికొచ్చి "కాయ విరగ్గాసిందమ్మా, రండి" అంటాడు. ఏ రైతుకైనా తన చేలో కాయ విరగ్గాసినట్టే కనిపిస్తుంది. తీరా వెళ్తే మోకాలెత్తు మొక్కలు, ఆకుల్లో దాక్కున్న పిసరంత కాయలు. పొద్దు గూకేసరికి నడుం ఉందో లేదో తడుముకుని చూసుకోవాలి.

అందుకని ముందు మా మేస్త్రి వెళ్ళి గట్టు మీద నిలబడేది. మేస్త్రి అంటే ముఠాకి పెద్ద, మా మేనత్తే. చెయ్యి చురుకైన ఒక్కర్ని చేలోకి దింపేది. ఆ మనిషి ఒక సాలు, అంటే మొక్కల వరస, ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసుకుంటూ పోయి తిరిగొచ్చేది. ఎంతసేపు పట్టింది, ఒళ్ళో ఎన్ని కాయలు పడ్డాయి, ముఖం ఎలా ఉంది, అన్నీ చూసుకున్నాక అత్త నోరు విప్పేది. ఇక ఆ రేటు దేవుడొచ్చి బతిమాలినా తగ్గేది కాదు.

సాలు కోసి చూడటానికి ఎప్పుడూ మా అక్కనే దింపేవాళ్ళు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్దది. నన్ను ఒక్కసారి కూడా దింపలేదు. దింపితే నేను మొక్కలతో కూడా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటానని అత్త భయం. ఎనిమిదో తరగతిలో మా మాస్టారు కూడా నా గురించి దాదాపు అదే మాట అన్నాడు, నేను బడి మానేశాను.

అంత చురుకైన అక్కకి మిరపకాయ పడేది కాదు. కోతల రోజుల్లో సాయంత్రానికి దాని చేతులు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునేది, పక్కన కూర్చుని నేను అన్నం ముద్దలు పెట్టేదాన్ని. కంట్లో నలుసు పడితే తీసుకోవడానికి లేదు, ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదు. "జీవితంలో ఒక్కసారి భయం లేకుండా కళ్ళు నులుముకోవాలే" అనేది. కొందరికి నగల మీద ఆశ ఉంటుంది, మా అక్కకి అది.

ఆ ఏజెంటు వచ్చింది కోతలు అయిపోయి ఊరంతా ఖాళీగా ఉన్న వేసవిలో. తెల్ల చొక్కా, చేతిలో సెల్‌ఫోను. అప్పటికి మా ఊళ్ళో ఇద్దరికే సెల్‌ఫోనుండేది, వాళ్ళు కూడా సిగ్నలు కోసం మేడెక్కేవాళ్ళు. ఇతను మాత్రం మా పంచలో నిలబడే ఎవరితోనో మాట్లాడాడు. సిగ్నలు లేని చోట ఎలా మాట్లాడాడని నాకు అప్పుడు తోచలేదు.

తమిళనాడులో ఒక నూలు మిల్లు ఉందన్నాడు. ఆడపిల్లలకి హాస్టలు, ఫ్యాన్ల కింద పని, ఆదివారం టీవీలో సినిమా. మూడేళ్ళు చేస్తే చివర్లో పెద్ద మొత్తం ఒకేసారి చేతిలో పెడతారన్నాడు. పెద్దమ్మ చాలా అడిగింది. అక్క ఒక్కటే అడిగింది.

"అక్కడ మిరపకాయలుంటాయా?"

"దారం తప్ప ఇంకేం ఉండదమ్మా."

అక్క ముఖం చూడాలి. పెళ్ళిచూపుల్లో పిల్లాడు నచ్చినా అంత సిగ్గుపడి ఉండదు.

అప్పుడు అత్తొచ్చింది. విషయం విని, చీర కొంగు దోపుకుని, అతని ఎదురుగా కూర్చుంది.

"అబ్బాయ్, చేను చూడందే మేం మాట ఇవ్వం."

"చేను కాదు అమ్మగారూ, మిల్లు."

"మిల్లే. యాడుంది?"

"చాలా దూరమండి. రైల్లో పోవాలి."

"రైలుకేముంది, చీరాల్లో ఎక్కితే అదే పోయిద్ది. ఎల్లుండి పోదాం."

అతను సెల్‌ఫోను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆడపిల్ల ఒక్కతీ వస్తే చాలు, తను జాగ్రత్తగా తీసుకెళ్తానని ఏదో అనబోయాడు. అత్త అప్పటికే లేచి, పులిహోరకి చింతపండు నానబెట్టమని మా అమ్మకి చెప్తోంది.

అలా బయల్దేరాం. అత్త, అక్క, నేను, మా ముఠాలోకల్లా పెద్దదైన మామ్మ. మామ్మ ఎవరికి మామ్మో ఎవరికీ తెలియదు, ఊరందరికీ మామ్మే. మా పొగాకు పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి రొంటిన చుట్టల కట్ట లేకుండా వాకిలి దాటేది కాదు. అత్త తన పని చొక్కా కూడా సంచిలో పెట్టుకుంది. కోతకి వెళ్ళేటప్పుడు చీర మీద తొడుక్కునే మామయ్య పాత పొడుగు చేతుల చొక్కా అది. "మిల్లుకి పోతున్నావా, కోతకి పోతున్నావా అత్తా?" అంటే, "కొత్త చేను, ఎట్టా ఉంటదో ఏమో" అంది.

రైల్లో ఏజెంటు నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి టీ తాగొస్తానని లేచాడు. వచ్చాక మళ్ళీ లేచాడు. అన్ని టీలు తాగే మనిషిని నేనింకా చూడలేదు. నా కబుర్లకి భయపడి పారిపోతున్నాడని మామ్మ అంది. అక్క కిటికీ పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని చూసుకుంటూ నవ్వుకుంటోంది.

మర్నాడు పొద్దున మిల్లు దగ్గర దిగాం. మా గుంటూరు వైపు మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకి ఉన్నంత గోడ, పెద్ద ఇనుప గేటు, లోపల వేపచెట్లు. అత్త రోడ్డుకి ఇవతల నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అచ్చం చేను చూసినట్టే చూసింది.

"గోడ బాగా కట్టారు. నీళ్ళ ట్యాంకుంది. నీడుంది."

"ఎండ పొడే లేదు" అంది మామ్మ.

"చూశారుగా అమ్మగారూ" అన్నాడు ఏజెంటు, "ఇంక మీరు రైలెక్కండి, అమ్మాయిని నేను..."

"ఉండబ్బాయ్, తొందరేంది? ఇంకా సాలు కొయ్యలేదుగా."

అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను, మాలో ఒకరు ముందు లోపలికెళ్ళి పని చూసొస్తారని, వాళ్ళు వచ్చి చెప్పాకే ఒప్పందమని. ఎవరెళ్తారన్నాడు. ఇంకెవరు, మా అక్కే అన్నాను. దారంతా టీలు తాగినా తేరుకోని ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"అట్టాగే! తప్పకుండా! మీరిక్కడే నీడన కూర్చోండి. అమ్మాయి చూసి వచ్చేస్తుంది."

అతనికి ఏ కష్టమూ లేకుండా అక్క జడ మేమే సరిచేశాం. ముఖం మేమే తుడిచాం. అత్త దాని భుజం తట్టి, "నడుం నొప్పి పుట్టిద్దో లేదో చూడు. నీళ్ళిస్తారో లేదో చూడు. పైవాడికి నోటి దురుసుందేమో చూసి రా" అంది. అక్క ఉత్తి చేతులతో, సంచి కూడా తీసుకోకుండా అతని వెనకే లోపలికెళ్ళింది. వాచ్‌మన్ గేటు మూశాడు.

మేం రోడ్డుకి ఇవతల కూర్చున్నాం. నేను మిల్లు గురించీ, అక్క తెల్లబడటం గురించీ, అది సెలవులకి వస్తే నాకేం తేవాలన్న దాని గురించీ చెప్తూ ఉన్నాను. మా చేలో అయితే మూడు సాళ్ళు కోసేంత సేపైంది. అక్క రాలేదు.

"పెద్ద సాలు కాబోలు" అంది మామ్మ.

ఎండ నడినెత్తికొచ్చింది. అత్త లేచి గేటు దగ్గరికెళ్ళింది, వెనకే నేను. వాచ్‌మన్ తమిళంలో చెప్పాడు, అత్త గుంటూరు తెలుగులో చెప్పింది. ఇద్దరూ గట్టిగానే చెప్పుకున్నారు, ఒక్క ముక్క కూడా అటుదిటు, ఇటుదటు పోలేదు. చివరికి అతను విసుగొచ్చి, చేతులు రెండూ చెంప కింద పెట్టి పడుకున్నట్టు చూపించాడు. తర్వాత మూడు వేళ్ళు చూపించాడు.

"మూడింటికి వస్తుందంట అత్తా. ఇప్పుడు పడుకుందంట" అన్నాను నేను.

అత్త నా వైపు తిరిగింది. "పగటిపూట పడుకోవడమేందే, అది?"

అప్పుడు నాకు తట్టింది. మూడు గంటలు కాదు. పడుకోవడం హాస్టల్లో. మూడేళ్ళు. నా నోట మాట రాలేదు. నాకు మాట రాలేదంటేనే అత్తకి అర్థమైపోయింది.

ఏజెంటు కోసం చూశాం. లోపలికెళ్ళినవాడు ఎటు నుంచి పోయాడో పోయాడు.

నాకు ఏడుపొచ్చింది. అత్త ఏడవలేదు. పొద్దు గూకే వేళ ఏ రైతైనా ఒప్పుకున్న మాట తప్పితే అత్త ఏం చేసేదో అదే చేసింది. సంచిలోంచి మామయ్య చొక్కా తీసి చీర మీద తొడుక్కుంది. తలకి గుడ్డ చుట్టుకుంది. గేటుకి సరిగ్గా మధ్యలో, నేల మీద, మఠం వేసుకుని కూర్చుంది.

"రండే, కూర్చోండి. క్యారేజీ తియ్యండి."

మామ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూలబడింది. నేను క్యారేజీ విప్పాను. పరాయి ఊళ్ళో, ఎవరిదో గేటుకి అడ్డంగా కూర్చుని మేం ముగ్గురం పులిహోర తిన్నాం. మింగుడు పడలేదు గానీ తిన్నాం. వాచ్‌మన్ అరిచాడు. అత్త అతనికి కూడా ఒక ముద్ద చూపించింది.

అంతలో లారీ వచ్చింది. గుండెలదిరేలా హారను కొట్టింది. మేం కదల్లేదు. పైన కొండలా పత్తి బేళ్ళు. తలెత్తి నెంబరు ప్లేటు చూశాను. ఏపీ ఏడు.

"అత్తా, మన గుంటూరు బండే!"

డ్రైవరు తల బయట పెట్టి మొదట తమిళంలో తిట్టాడు. నేను తెలుగులో తిట్టాను. అతను ఉలిక్కిపడి కిందకి దూకాడు.

"ఎవరమ్మా మీరు? ఏ ఊరు?"

"ప్రత్తిపాడు పక్కన" అంది అత్త. "నీదే ఊరు?"

"చిలకలూరిపేట. ఇదేందమ్మా, గేటుకడ్డంగా వనభోజనాలు? లేవండి, బేళ్ళు దించాలి."

"దింపుకో నాయనా. మా పిల్ల బయటికొస్తే నీ బేళ్ళు లోపలికి పోతాయి."

జరిగిందంతా నేను ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అతను వింటూ వింటూ గేటు వైపు చూశాడు. "నేను నెలనెలా వస్తా" అన్నాడు. "లోపల తెలుగు పిల్లలున్నారు. నా బండి నెంబరు చూసి, దించేచోటికి వచ్చి ఏ ఊరు అన్నా అని అడుగుతారు. ఆ లోపలే ఎవరో ఒకరొచ్చి తోలేస్తారు." తర్వాత క్యాబినులోకి చెయ్యి పెట్టి తాళం తీసి జేబులో వేసుకుని, "సరే, నాక్కూడా కాళ్ళు పట్టేసినయ్యి" అని మా పక్కనే బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఒక ఆకులో అతనికీ పులిహోర పెట్టాం.

వాచ్‌మన్ లోపలికి పరిగెత్తి ఒక గుమాస్తాని తీసుకొచ్చాడు. గుమాస్తా డ్రైవరుని తిట్టాడు. డ్రైవరు మమ్మల్ని చూపించాడు. ఇంకో లారీ వచ్చి వెనక ఆగింది. అయినా ఎవరూ గేటు తెరవలేదు.

మామ్మ చెయ్యి కడుక్కుని, రొంటినున్న కట్ట తీసి, ఒక చుట్ట వెలిగించింది.

ఇక చూడాలి! గుమాస్తా రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. వాచ్‌మన్ కెవ్వుమన్నాడు. డ్రైవరు కూడా తింటున్న ఆకు కింద పడేసి లేచాడు.

"మామ్మా! మామ్మా! పత్తి! నిప్పంటుకుంటే నేనూ బండీ బూడిదే!"

"నాకు అన్నం తిన్నాక చుట్ట లేందే అరగదురా అబ్బాయ్" అంది మామ్మ, పొగ పైకి వదుల్తూ. "మా పిల్ల వచ్చాక అవతలికి పోయి తాగుతాలే."

బెదిరించాలని వెలిగించిందో, నిజంగానే అరగలేదో మేం ఇప్పటికీ అడగలేదు. అడిగితే రెండూ అంటుంది. కానీ ఆ పొగ వల్లే మేనేజరు బయటికొచ్చాడు. అద్దాలు, ఇస్త్రీ చొక్కా. అత్త కూర్చునే మాట్లాడింది.

"మా పిల్ల చూడటానికొచ్చింది. చేరటానికి రాలా. మాట ఇవ్వలా. చూసింది చాలు, పంపించు."

డ్రైవరు దాన్ని తమిళంలోకి మార్చాడు. అత్త చెప్పింది ఇంతే, అతను చెప్పింది మాత్రం కొండవీటి చాంతాడంత. మధ్యలో చెయ్యెత్తి రెండుసార్లు అత్తని చూపించాడు. మేనేజరు అత్తని కింద నుంచి పైదాకా చూసి, అద్దాలు తుడుచుకుని, లోపలికెళ్ళాడు.

"ఏం చెప్పావయ్యా అంత?" అన్నాను.

"మీ అత్తగారు మండల ప్రెసిడెంటని చెప్పా. వెనకాల జీపులొస్తన్నయ్యని చెప్పా."

అత్త వెంటనే మామయ్య చొక్కా కాలరు సర్దుకుంది.

చాలాసేపటికి చిన్న గేటు తెరుచుకుంది. అక్క కనిపించింది. కానీ అక్క ఒక్కతే లేదు. నీలం యూనిఫారం వేసుకున్న ఒక సన్నటి పిల్ల చెయ్యి అక్క చేతిలో ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ పిల్ల వేళ్ళు తెల్లబడ్డాయి. వాచ్‌మన్ ఆ పిల్లకి కర్ర అడ్డం పెట్టాడు. అక్క అత్త వైపు చూసింది, అంతే.

అత్త ఆ పిల్లని అంతకుముందెన్నడూ చూడలేదు. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గేటు అదిరేలా అరిచింది.

"ఎంతసేపే నీకు? అన్నం చల్లారిపోతంది, రా!"

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, పెదాలు తడుపుకుని, "వస్తన్నా పిన్నీ!" అంది.

చుట్టాల గొంతు వింటే తెలిసిపోతుంది కదా. వాచ్‌మన్ అనుమానంగా డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఇద్దరూ అక్కచెల్లెళ్ళన్నట్టు రెండు వేళ్ళు జత చేసి చూపించాడు. మామ్మ ఇంకో చుట్ట తీసి వెలిగించబోయింది. కర్ర లేచింది. పిల్లలిద్దరూ ఇవతలికి వచ్చారు. డ్రైవరు బండెక్కుతూ, "ఏజెంట్లకి కబురు పోకముందే బస్సెక్కేయండమ్మా, పరిగెత్తండి" అన్నాడు. పరిగెత్తాం. మామ్మ అందరికన్నా ముందుంది.

రైలెక్కాక గానీ అక్క నోరు విప్పలేదు. లోపలికెళ్ళగానే చెప్పులు తీసుకున్నారట. నీలం బట్టలు చేతిలో పెట్టి తొడుక్కోమన్నారట. దుస్తులు మార్చుకునే గదిలో ఈ పిల్ల గుసగుసగా, "అక్కా, అవి తొడుక్కోమాకు. తొడుక్కుంటే చేరినట్టే. నేనూ చూడటానికే వచ్చా" అందట. అక్క ఓణీ గట్టిగా పట్టుకుని ఆ గది గడపలోనే కూర్చుండిపోయిందట, ఎవరు లాగినా లేవలేదట. మా ముఠా పిల్ల కదా.

ఆ పిల్లది దర్శి వైపు. రెండు కోతల కాలాలు గడిచిపోయాయట లోపల. ఊరికి ఫోను చేయిస్తారు గానీ పక్కన వార్డెను నిలబడుతుంది, "బాగున్నా" తప్ప ఇంకో మాటంటే లైను కట్. జ్వరమొచ్చినా రెండు షిఫ్టులు. ఇదంతా చెప్పి, మిగిలిన పులిహోర మొత్తం తిని, గిన్నె అడుగు కూడా గీకి, "లోపల మనోళ్ళు ఇంకా ఉన్నారు పిన్నీ" అంది.

అంతసేపూ గొంతు తగ్గించని అత్త ఖాళీ గిన్నెకి మూత పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పోలీస్ స్టేషన్లో చెప్పాం. వాళ్ళు ఏజెంటు పేరూ ఊరూ అడిగారు. అతను మాకు చెప్పిన పేరు గానీ ఊరు గానీ అతనిది కాదని తర్వాత తేలింది. వాళ్ళు వెతికేవాళ్ళు వెతుకుతారు, ఈలోపు లోపలున్న పిల్లల అమ్మలకి చెప్పొద్దా అంది అక్క. చెప్పే పని అత్త నాకు అప్పజెప్పింది. "నువ్వైతే ఎవరు పొమ్మన్నా పోవు" అంది. అది మెచ్చుకోలే అనుకున్నాను.

దర్శి పిల్లకి అందరి ఊళ్ళూ తెలుసు. లోపల రాత్రుళ్ళు వాళ్ళు చెప్పుకునేది అవే కదా. ఇద్దరం బస్సులు మారుతూ తిరిగాం. కొందరు నమ్మారు. కొందరు మా మాట అబద్ధమని తలుపేసుకున్నారు, అలాంటి చోట అరుగు మీద కూర్చుని తలుపుకే చెప్పొచ్చాను.

ఒక ఊళ్ళో ఒకామె ఇంట్లో లేదు. మిర్చి తొడిమలు తీసే షెడ్డులో ఉందన్నారు. వెళ్ళేసరికి రేకుల కింద ఆడవాళ్ళంతా ఎర్రటి గుట్టల చుట్టూ కూర్చుని, ముక్కుకి గుడ్డలు కట్టుకుని, తొడిమలు గిల్లుతున్నారు. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. ఆమె తలెత్తలేదు.

"మా అమ్మాయి బాగుందంటగా" అంది.

"ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"ఆ ఏజెంటాయన. మొన్న ఉగాదికి కూడా వచ్చి చెప్పిపోయాడు. లావైందంట."

దర్శి పిల్ల నవ్వింది. "లావా! నా పక్క మంచమే పెద్దమ్మా దానిది. దుప్పటి కప్పుకుంటే కింద మనిషుందో లేదో ఎత్తి చూడాలి."

ఆమె వేళ్ళు ఆగలేదు. కాయ తీయడం, తొడిమ గిల్లడం, బుట్టలో వేయడం. నేను గేటు సంగతంతా చెప్పాను. లారీ, చుట్ట, అత్త అరుపు, అన్నీ. అటూ ఇటూ ఉన్నవాళ్ళు కూడా ముక్కుగుడ్డలు కిందకి లాగి వింటున్నారు, చుట్ట దగ్గర పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక నేను కూడా ఒక కాయ తీసుకుని తొడిమ గిల్లాను.

"ఎంతమంది కూర్చున్నారు గేటుకడ్డం?" అంది ఆమె.

"ముగ్గురమే పెద్దమ్మా."

అప్పుడు తలెత్తింది. నన్ను చూడలేదు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా, గుట్ట గుట్టకీ కూర్చున్న ఆడవాళ్ళని చూసింది. ఒళ్ళో ఉన్న కాయలు బుట్టలోకి దులిపి, లేచి, చీర విదిలించుకుంది.

"ఒసేయ్, రేపెవరూ పనికి రామాకండే" అని షెడ్డంతటికీ వినిపించేలా అరిచి, నా వైపు తిరిగింది.

"చీరాల్లో రైలు ఎన్నింటికి?"